వేడి ఎటు పోతుంది?

చల్లబరచడానికి పెట్టిన బిళ్ల వల్లే ప్రాసెసర్ ఇంకా వేడెక్కడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు బిగించే పని నాది. 2001 మే నెల. పగలంతా కస్టమర్ల పీసీలు, సగం షట్టర్ దించాక సేటు అనుమతితో నా సొంత ప్రయోగాలు.

అప్పట్లో మా ఈడు వాళ్లందరికీ ఓవర్‌క్లాకింగ్ పిచ్చి, అంటే చిప్పును కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ మీద నడపడం. సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్ మాకు ఆ రుచి చూపింది. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కి మారిస్తే చాలు, 300 చిప్పు 450 మీద పరుగెత్తేది. తర్వాత ఏఎండీ డ్యూరాన్ వచ్చింది. దాని ఒంటి మీద ఎల్1 అని ఉన్నచోట తెగిన సన్నటి గీతలను మామూలు రాత పెన్సిలుతో కలిపితే మల్టిప్లయర్ తాళం వీడేది. డబ్బు పెట్టి కొనలేని వేగాన్ని చేతి పనితో సంపాదించుకోవడం ఎంత సంతోషమో, ఆ వయసులో ఆ జీతం మీద బతికినవాళ్లకే తెలుస్తుంది. నా 600 డ్యూరాన్‌ను 900 మీద నిలబెట్టాలని నా పట్టుదల. అందుకు కోర్ వోల్టేజీని 1.6 నుంచి 1.8కి పెంచాను.

వేగం ఎంత పెరిగితే వేడి అంత పెరుగుతుంది. వోల్టేజీ మాత్రం అలా కాదు, దాని వర్గం లెక్కన పెంచుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు, దాని మీద వోల్టేజీ వల్ల ఇంకో పావు వంతు. 27 వాట్ల చిప్పు కాస్తా 50 వాట్లు దాటిపోయింది. మామూలు ఫ్యాను కింద గంట నడిచేది, ఆపైన తెర బిగుసుకుపోయేది.

దాన్ని చల్లబరిచే దారి వెతుకుతుంటే కోఠి గుజరాతీ గల్లీలో పెల్టియర్ బిళ్ల దొరికింది. నాలుగు సెంటీమీటర్ల చదరం, తెల్లటి సిరామిక్, రెండు వైర్లు. దాని మీద 12706 అని అచ్చు. లోపల 127 జతల సెమీకండక్టర్ ముక్కలు ఉన్నాయనీ, గరిష్ఠంగా 6 ఆంపియర్లు తీసుకుంటుందనీ ఆ అంకెలకు అర్థం. రెండు వేర్వేరు లోహాలు కలిసే చోట కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడి ఇంకొకటి వేడెక్కుతుందని ఫ్రాన్సులో జాన్ పెల్టియర్ 1834లో గమనించాడు. అంతకుముందు ఆయన గడియారాల పనివాడు. చేతిపనివాడు కనిపెట్టిన సంగతి కావడం వల్లనేమో, ఆ పేరంటే నాకు మొదటినుంచీ అభిమానం. ఇప్పటి బిళ్లల్లో ఉండేవి బిస్మత్ టెల్లురైడ్ ముక్కలు.

ఆ రాత్రి ప్రాసెసర్‌కీ అల్యూమినియం హీట్‌సింక్‌కీ మధ్య బిళ్లను ఇరికించి, 12 వోల్టులిచ్చి స్విచ్ వేశాను. బయోస్‌లో 55 డిగ్రీల దగ్గర ఉండాల్సిన అంకె 60 అయింది, 70 అయింది, 80 దాటింది. ప్లగ్ పీకేశాను.

ఎందుకలా జరిగిందో తెలుసుకోవడానికి వారం పట్టింది. పెల్టియర్ బిళ్ల చల్లదనాన్ని పుట్టించదు. ఒక ముఖం దగ్గరి వేడిని ఎత్తి రెండో ముఖం మీద దించుతుంది. మోసినందుకు తాను తాగిన కరెంటు కూడా వేడిగా మారి ఆ రెండో ముఖం మీదకే వస్తుంది. నా బిళ్ల 12 వోల్టుల దగ్గర 50 వాట్ల పైచిలుకు తాగుతోంది. చిప్పు వేడి ఇంకో 50. అంటే 50 వాట్లకే ఆయాసపడుతున్న హీట్‌సింక్ నెత్తిన నేను 100 వాట్లు పెట్టాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. బిళ్ల కాగితం మీద రెండు అంకెలుంటాయి. 12706 రకానికి అవి ఇంచుమించు 50 వాట్లు, 66 డిగ్రీలు. 50 వాట్ల వేడిని మోస్తూ 66 డిగ్రీల తేడా చూపిస్తుందని నేను చదువుకున్నాను. అది అలా కాదు. ఏ బరువూ లేనప్పుడే 66 డిగ్రీలు. 50 వాట్ల బరువు మోస్తే తేడా సున్నా. ఈ రెంటి మధ్య గీత గీసుకుని చూసుకోవాలి. 25 వాట్లు మోస్తే సుమారు 33 డిగ్రీలు. నా చిప్పు వేడి ఆ బిళ్ల మోయగలిగిన హద్దు దగ్గరే ఉంది కాబట్టి దాని రెండు ముఖాలూ ఒకటే అయిపోయాయి. చిప్పు విడిచే వేడికి కనీసం రెట్టింపు మోయగల బిళ్ల తీసుకోవాలని అప్పటినుంచీ అందరికీ చెబుతున్నాను.

ఈసారి వేడి ముఖం నుంచి మొదలుపెట్టాను. 15 ఆంపియర్ల 12715 బిళ్ల దాదాపు 140 వాట్లు తాగుతుంది, చిప్పువి 50, మొత్తం 190 వాట్లు బయటికి పంపాలి. గాలితో అయ్యే పని కాదు. రాణిగంజ్‌లో పాత మారుతి కారు హీటర్ కోర్ ఒకటి, అక్వేరియం పంపు ఒకటి కొన్నాను. అక్కడి లేత్ చాచా రాగి దిమ్మలో నీటి కాలువలు తొలిచిచ్చాడు. “ఇంత చిన్న పెట్టెకు రేడియేటర్ ఎందుకు బేటా?” అని అడిగాడు. వేడి సంగతి చెబితే తలూపి, ఆ దిమ్మ అడుగు అద్దంలా తేలేదాకా వదల్లేదు. చిప్పు నడిబొడ్డు గోరంత, బిళ్ల నాలుగు సెంటీమీటర్లు. మధ్యలో ఆరు మిల్లీమీటర్ల రాగి పలక లేకపోతే బిళ్లలో పక్కలనున్న జతలు ఊరికే కరెంటు తాగుతాయి. పలకను అద్దం మీద ఎమరీ పేపరు పరిచి రెండు రాత్రులు నేనే రుద్దాను. నాలుగు మరలనూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. ఒకే మూల బిగిస్తే సిరామిక్ పగులుతుంది.

కరెంటు కూడా వేరుగా పెట్టాల్సిందే. అప్పటి క్యాబినెట్ ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టుల లైను దీని ఆకలికి ఆనదు. వైర్‌లెస్ సెట్లకు వాడే 20 ఆంపియర్ల సప్లై తెచ్చాను. ఇందులో ఒక ప్రమాదం ఉంది. బిళ్ల సప్లై ఆగి కంప్యూటర్ నడుస్తూ ఉంటే, బిళ్ల వేడికి అడ్డుగోడ అవుతుంది. వేడెక్కితే తానే ఆగిపోయే రక్షణ ఆనాటి ఆ చిప్పులో లేదు. అందుకే బిళ్లకు కరెంటు అందితే తప్ప కంప్యూటర్ లేవకుండా రిలే పెట్టాను.

జులైలో స్విచ్ వేశాను. అంకె పది కిందికి దిగింది. 900 మీద రాత్రంతా ఆగకుండా నడిచింది. రాగి పలక అంచున తెల్లటి మంచు నూగు కనబడితే పక్క షాపుల వాళ్లను పిలిచి మరీ చూపించాను.

మూడో రోజు పొద్దున కంప్యూటర్ లేవలేదు. సాకెట్ విప్పితే రంధ్రాల్లో నీళ్లు. బోర్డు వెనక కూడా, చిప్పు సరిగ్గా ఎక్కడుందో అక్కడ, తడి మచ్చ. నెల జీతంలో సగం పెట్టి కొన్న బోర్డు. నూగును చూసి మురిసిపోయిన నాకు, అది కరిగి ఎటు పారుతుందో తట్టలేదు. ఆ రోజు నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

గాలిలోని తడి ఏ వేడిమి దగ్గర నీటిబొట్టుగా మారుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. హైదరాబాద్‌లో వానాకాలం, 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున అది 24. అంటే చిప్పు 23కి దిగితే చాలు, చెమట పడుతుంది. అదే ఏప్రిల్లో, 38 డిగ్రీల ఎండలో తేమ 25 శాతం ఉంటే అది 15 కంటే కిందే ఉంటుంది. ఈ పనికి మన ఊళ్లో ఎండాకాలమే మంచిదంటే ఎవరూ నమ్మరు, కానీ నిజం.

తర్వాతి బోర్డుకు సాకెట్ రంధ్రాల్లో సిలికాన్ గ్రీజు నింపాను. చుట్టూ, బోర్డు వెనకా ఏసీ పైపులకు చుట్టే నల్లటి రబ్బరు ఫోమును కోసి, ఎక్కడా గాలి దూరకుండా అతికించాను. బిళ్ల అంచుల్నీ సిలికానుతో మూశాను, లోపల తడి చేరితే జతలు తుప్పు పడతాయి కనుక. ఇంత చేసీ వానాకాలం బిళ్లకు 12కి బదులు 7 వోల్టులే ఇచ్చేవాణ్ని. గోడకు హైగ్రోమీటర్ తగిలించి, చిప్పును డ్యూ పాయింట్ కంటే రెండు మూడు డిగ్రీలు పైనే ఉంచేవాణ్ని. నూగు మళ్లీ రాలేదు. ఆ డ్యూరాన్ నాలుగేళ్లు 900 మీదే నడిచింది.

2020లో ఇంటెల్ క్రయో కూలింగ్ అంటూ పెల్టియర్ కూలర్లు అమ్మకానికి వచ్చాయి. వాటిలో తేమ కొలిచే సెన్సర్ ఉందని చదివి సంతోషపడ్డాను. నేను గోడకు తగిలించింది వాళ్లు లోపలే పెట్టారు. నేటి పెద్ద ప్రాసెసర్లు 200 వాట్లు దాటుతాయి. వాటికి ఈ దారి బరువు, ఖర్చు. నా సలహా అడిగితే మంచి నీటి కూలరే కొనమంటాను. నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం పాత, తక్కువ వాట్ల చిప్పుతో తప్పకుండా చేయాలి.

మొన్న ఒక డిప్లొమా కుర్రాడు అదే 12706 బిళ్ల తెచ్చాడు. “అన్నా, గిది ప్రాసెసర్ మీద పెడితే ఏసీ లెక్క సల్లగైతదట. పెట్టిస్తవా?”

లేదనలేదు. బల్ల మీది సప్లైని 3 వోల్టులకు తిప్పి, వైర్లు కలిపి, బిళ్లను రెండు వేళ్లతో పట్టుకోమన్నాను. మొహం వెలిగిపోయింది. “అబ్బ, సల్లగుంది అన్నా!” వదలకుండా పట్టుకోమన్నాను. నిమిషం గడిచింది. వేళ్లు అటూ ఇటూ మార్చి చూసుకున్నాడు.

“అన్నా, సల్లటి దిక్కు గూడ వేడైతున్నదేంది?”

వైరు తీసేశాను. కాసేపు బిళ్లను తిప్పి తిప్పి చూసి, “గీ వేడంతా ఎటు వోవాలె మరి?” అన్నాడు. స్టూలు దగ్గరికి లాగి కూర్చోమని, తెల్ల కాగితం తీశాను.