జ్వరం లేని నిమోనియా

పడుచువాళ్లకు నిమోనియా వస్తే ఒళ్లు కాలిపోతుంది. ముసలివాళ్లకు ఒక్కోసారి జ్వరమే కనబడదు, అదీ చిక్కు. ఒక పుష్యమాసపు చలిలో దేవరకొండ దగ్గర మా మేనత్త జొన్నరొట్టె ముట్టక, నన్ను మా నాయన పేరుపెట్టి పిలిచింది. "వయసు మీదవడ్డది" అన్నారందరూ. కోడలు మాత్రం గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 32! ఊరికే కూర్చున్న మనిషికి 25 దాటితే ఆలస్యం పనికిరాదు. ఆ రాత్రే నల్లగొండ తీసుకుపోయారు గనుక మనిషి దక్కింది.

చుట్ట మాన్పించవచ్చు, పొయ్యి పొగ తగ్గించవచ్చు. పడుకోబెట్టి అన్నం తినిపించడం మాత్రం ప్రేమతో చేసే హాని. మెతుకు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక న్యూమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతటా పసిపిల్లలకు ఉచితం. తాతలూ అవ్వలూ కొనుక్కోవాలట, ఇదేం న్యాయమండీ?