గాలి విసురు

పిల్లలూ! "పడమటి గాలి" అంటే ఎటు పోయే గాలి? పడమటికి అన్నారా? మా బడిలో కూడా సగంమంది అలాగే చెప్పేవాళ్లు. కాదు. గాలికి అది వచ్చిన దిక్కు పేరే పెడతారు. నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్యను నెల్లూరు అత్తయ్య అంటాం చూడండి, అలాగన్నమాట.

ఇంత తెలిసినవాణ్ణే, ఒకసారి గాలి దగ్గర తెలివితక్కువ పని చేశాను. ఆ సంగతి చెబుతాను వినండి.

అది 1996 ఆగస్టు. అప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రపొడ్డున ఒక పల్లె బడిలో హెడ్మాస్టరుగా వుండేవాణ్ణి. పదిహేనో తారీఖు సభకు బడి ముందు పందిరి వేయించాం. వెదురు రాటలు, పైన టార్పాలిన్. ముందురోజు సాయంత్రం రేడియోలో చెప్పారు, పడమటి గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, అప్పుడప్పుడు 60 కిలోమీటర్ల వేగంతో వీస్తుందని. నాకు నలభై ఒక్కటే వినబడింది. పడమటివైపు రాటలకు రెండేసి తాళ్లు కట్టించి నిశ్చింతగా వున్నాను.

ఊళ్లో ఒక ముసలి జాలరి వుండేవాడు. ఆయన వచ్చి మూల రాటను చేత్తో వూపి చూశాడు. "మేస్టారూ, గాలి నడిత్తే ఇది ఆగుతాది. ఇసిరితే ఆగదు బాబూ!" అన్నాడు. నేను నవ్వి వూరుకున్నాను.

తెల్లవారి జెండా ఎగరేశాం. పందిరి చక్కగా నిలబడింది. నాలుగో తరగతి పిల్ల ఒకతె పాట పాడుతున్నది. అంతలో ఒక్క విసురు వచ్చింది. మూడు నాలుగు క్షణాలు, అంతే! అది కూడా సరిగ్గా పడమటి నుంచి కాదు, నైరుతి మూల నుంచి. టార్పాలిన్ తెరచాపలాగా పొంగింది. మూల రాట ఊడి, ఆ పిల్ల తల పక్కనుంచి పోయి ముంజేతికి తగిలింది. ఎముక విరిగింది. ఆ పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తినంత సేపూ ముసలాయన మాటే నా చెవిలో మోగింది.

రేడియోలో చెప్పే గాలివేగం కొన్ని నిమిషాల సగటు. గాలి కాలవలో నీళ్లలాగా ఒకే తీరున పారదు. చెట్లకూ, ఇళ్లకూ, గుట్టలకూ కొట్టుకుని సుడులు తిరుగుతుంది. పైన వేగంగా పోయే గాలి ఆ సుడులతో ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. అదే విసురు. దానితో దిక్కు కూడా కాస్త మారుతుంది.

లెక్క చూడండి. 40కి 60 ఒకటిన్నర రెట్లే. కాని గాలి తోపు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకటిన్నరను ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఎంత? రెండుంబావు! ఈ లెక్క నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! తాళ్లు కట్టించేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఇంకొక చిక్కు వున్నది. గాలిని కొలిచే గిన్నెల యంత్రాన్ని ఆరుబయట, 10 మీటర్ల ఎత్తున పెడతారు. మీ బడి ఆవరణలో గాలి అంతే వుండాలని లేదు. అందుకు మీ కళ్లే సాధనం. 1805లో బోఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాదళ అధికారి గాలికి సున్న నుంచి పన్నెండు వరకు అంకెలు వేశాడు. నేలమీది గుర్తులు తరవాత చేర్చారు. దుమ్మూ, కాగితాలూ లేస్తే నాలుగు; అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు. పెద్ద కొమ్మలు వూగి, తీగలు ఈలవేసి, గొడుగు పట్టుకోవడం కష్టమైతే ఆరు. అంటే 39 నుంచి 49. ఇప్పుడు ఫోన్లలో వేగమూ, విసురూ వేరువేరుగా చూపిస్తున్నారు. పందిరి వేసేవారు రెండో అంకె చూడాలి.

ఆ పిల్ల చెయ్యి అతుక్కున్నది. మరుసటి ఏడు అదే పాట పాడింది, పందిరి లేకుండా, ఆరుబయట. ముసలాయన ముందు వరసలో కూర్చుని విన్నాడు.