బొగ్గుట్ట చూసొద్దాం రండి!

మీ ఇంట్లో బొగ్గుల కుంపటి ఉందా? "ఎక్కడిదండీ, గ్యాసు వచ్చాక కుంపట్లన్నీ అటకెక్కాయి" అంటారు కదూ! నిజమే. కానీ మనం స్విచ్చి నొక్కితే వెలిగే లైటుకీ, పప్పు రుబ్బే గ్రైండరుకీ, ట్యాంకులోకి నీళ్లెక్కించే మోటారుకీ ఈనాటికీ చాలావరకు బొగ్గే ఆధారం. కుంపటి మన వంటింట్లోంచి కదిలి థర్మల్ స్టేషనుకి చేరింది, అంతే తేడా! మరి ఆ బొగ్గు మన నేలమీద మొట్టమొదట ఎక్కడ తవ్వారో తెలుసా? సింగరేణి అనగానే అందరికీ కొత్తగూడెం, గోదావరిఖని గుర్తొస్తాయి. అసలు పుట్టిల్లు మాత్రం ఇల్లందు. అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే పేరు బొగ్గుట్ట. అంటే బొగ్గు గుట్ట అన్నమాట.

మేముండేది నాచారంలో. మాకు దగ్గరలోనే మౌలాలి, చర్లపల్లి స్టేషన్ల మీదుగా కాజీపేట వైపు వెళ్లే రైలు పట్టాలున్నాయి. నిజాం రైల్వే వాళ్లు ఆ లైనుని 1886లో వరంగల్ దాకా, 1888లో డోర్నకల్ మీదుగా బొగ్గు గనుల దాకా తీసుకెళ్లారు. మరుసటి ఏడాది బెజవాడకి కలిపారు. మనం తిరుపతికో విజయవాడకో పోతూ కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటామే, ఆ దారి వెనక ఇంత బొగ్గు కథ ఉంది. మా ఆడపడుచుని ఇల్లందులో ఇచ్చారు కాబట్టి ఆ ఊరు నాకు బాగా తెలుసు. చెబుతాను, వినండి.

పొయ్యి రాళ్లు కాలిపోయాయట!

ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. వెనకటి రోజుల్లో భద్రాచలం రామయ్య దర్శనానికి కాలినడకన వెళ్లే యాత్రికులు ఈ అడవిలో మజిలీ చేశారట. మూడు నల్లరాళ్లు తెచ్చి పొయ్యి పెట్టుకుని అన్నం వండుతుంటే, కట్టెలతోపాటు రాళ్లు కూడా అంటుకుని కాలిపోయాయట! చూశారా, బొగ్గుని మొదట కనిపెట్టింది కూడా ఎవరో వంట చేసే ఇల్లాలే అయివుంటుందని నాకనిపిస్తుంది.

కాగితాల మీద ఉన్న చరిత్ర ఏమంటే, 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ విలియం కింగ్ అనే దొర ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలై, ఆ ఏడాది సుమారు 60 వేల టన్నులు పైకి తీశారు. 1920 డిసెంబర్ 23న కంపెనీ పేరు సింగరేణి కాలరీస్‌గా మారింది. ఈ సింగరేణి అనేది ఇల్లందుకి దగ్గరలోనే, కారేపల్లి పక్కనున్న చిన్న ఊరు. ఆ పల్లెటూరి పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ఇప్పటికీ బొగ్గు గనులున్న ఊళ్లన్నిటా డిసెంబర్ 23న సింగరేణి డే చేస్తారు.

1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొనేసింది. అలా ఇది ప్రభుత్వం చేతికొచ్చింది. ఇవాళ తెలంగాణ ప్రభుత్వానిది 51 పాళ్లు, కేంద్రానిది 49 పాళ్లు. 2023-24లో కంపెనీ తీసిన బొగ్గు ఏడు కోట్ల టన్నులు. ఆ మొదటి 60 వేల టన్నుల పక్కన పెట్టి చూడండి!

బాయి, మస్టరు, తట్టా చెమ్మస్

బొగ్గుట్టలో గని అనరు, బాయి అంటారు. "మా ఆయన బాయికి పోయిండు" అంటే నీళ్ల బావికి కాదండోయ్, డ్యూటీకి! హాజరు వేయించుకోవడాన్ని మస్టరు పడటం అంటారు. మస్టరు పడితేనే ఆ రోజు కూలి. తట్టా చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే గంప, పార. యంత్రాలు రాకముందు కోల్ ఫిల్లర్లు ఈ తట్టలతోనే బొగ్గెత్తి టబ్బులు నింపేవారు. నెత్తి మీద టోపీకి లైటు, నడుముకి బ్యాటరీ, కాళ్లకి బూట్లు, లోపల చీకటి, ఉక్క, పైన కప్పుకి ఆసరాగా దుంగలు.

గనులకి పెట్టిన పేర్లు మాత్రం చల్లగా ఉంటాయి. జవహర్ ఖని, పద్మావతి ఖని, వెంకటేశ్ ఖని, గౌతమ్ ఖని! జె.కె., పి.వి.కె. అని పొడి అక్షరాలతో పిలుస్తారు కాబట్టి బయటివాళ్లకి అర్థం కాదు. ఇల్లందులో జె.కె. కాలనీ పేరూ అలా వచ్చిందే. నెంబర్ టూ బస్తీ, స్ట్రట్‌పిట్ బస్తీ, ఇరవై నాలుగు ఏరియా... ఊరి వాడల పేర్లు వింటేనే ఇది బాయిల చుట్టూ పెరిగిన ఊరని తెలిసిపోతుంది.

ఈ ఊరికి పనికోసం రాని వాళ్లు లేరు. చుట్టుపక్కల కోయగూడేలు, లంబాడా తండాలు. వాటి మధ్యకి ఎక్కడెక్కడి జిల్లాల వాళ్లో, ఉత్తరాది వాళ్లో వచ్చి చేరారు. ఒకే లైనులో పక్కపక్క క్వార్టర్లు, మధ్యలో ఒకే కుళాయి. ఒకరింట్లో జొన్నరొట్టె కాలితే పక్కింటికి వాసన, ఒకరింట్లో పెళ్లయితే లైనంతా పందిరి. పండక్కి బతుకమ్మ పేరిస్తే తంగేడు, గునుగు పూలు అడవిలోంచే తెచ్చేవారు. ఇప్పుడు మన అపార్టుమెంట్లలో పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలియదు. అక్కడ ఏ ఇంటి మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో లైనంతటికీ తెలిసేది.

ఆ ఇల్లాళ్ల సంగతి

మా ఆడపడుచు అత్తగారికి డెబ్బై దాటాయి. ఆవిడ దగ్గర కూర్చుంటే పొద్దు తెలీదు. "బిడ్డా, మీకు గడియారం చూసి తెల్లారుతది, మాకు సైరన్ కూస్తే తెల్లారేది" అంటుంది. మొదటి షిఫ్టుకి మనిషి వెళ్లాలంటే ఆవిడ నాలుగింటికే లేవాలి. కంపెనీ ఇచ్చిన బొగ్గుతో పొయ్యి రాజేసి, రొట్టె చేసి, డబ్బా కట్టివ్వాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకుంటాడు కాబట్టి పిల్లల్ని గట్టిగా ఏడవనివ్వకూడదు, రోలు చప్పుడు చెయ్యకూడదు.

ఇక బట్టల సంగతి! బొగ్గు మసి పట్టిన చొక్కా మామూలుగా వదలదు. వేడినీళ్లలో సోడా వేసి ముందురోజు రాత్రే నానబెట్టి, పొద్దున బండ మీద బాదాలట. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలపకుండా దండెం కూడా వేరే కట్టుకునేవాళ్లు. డ్యూటీ నుంచి రాగానే చేతిలో బెల్లం ముక్క పెట్టడం ఇంకో అలవాటు. బెల్లం తింటే గొంతులో మసి దిగిపోతుందని నమ్మకం. డాక్టర్లు దాన్ని మందు అనరు గానీ, ఇంటికొచ్చిన మనిషి నోరు తీపి చేయడంలో ఉన్న ప్రేమ ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు.

"భయం కాలేదా అత్తమ్మా?" అని అడిగాను. "డ్యూటీ దిగే వేళ దాటినంక గుమ్మంల నిలబడెదాన్ని. సైకిలు బెల్లు ఇనబడితెనే పొయ్యి మీద ఎసరు పెట్టేది" అంది. ఆ ఒక్క మాట చాలు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో ఒక గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు బొగ్గు ఊళ్లన్నిటిలో ఎన్ని గుమ్మాల దగ్గర ఎంతమంది నిలబడి ఉంటారో ఊహించుకోండి.

ఆడవాళ్లు భూమి లోపల పని చేయకూడదని 1952 గనుల చట్టం కట్టుబాటు పెట్టింది. 2019లో కేంద్రం దాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటిపూట లోపలికి దిగవచ్చని అంది. మైనింగ్ చదివిన ఆడపిల్లలకి ఇది పెద్ద మార్పే. గుమ్మంలో ఎదురుచూసిన అమ్మ కూతురు టోపీ లైటు పెట్టుకుని లోపలికి దిగి రావచ్చన్నమాట.

బొగ్గు అయిపోతే ఊరేం కావాలి?

తవ్వితే ఏ నిధి అయినా తరుగుతుంది. ఇల్లందులో భూగర్భ గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కంపెనీ కేంద్రం కొత్తగూడేనికి ఎప్పుడో మారింది. తర్వాత ఇల్లందు, కోయగూడెం వైపు ఓపెన్‌కాస్టులు వచ్చాయి. అంటే లోపలికి దిగి తవ్వకుండా, పైనున్న మట్టినంతా యంత్రాలతో ఎత్తిపోసి బొగ్గు తీయడం. లోపల చిక్కుకుపోయే ప్రమాదం తగ్గింది, బొగ్గు ఎక్కువ వచ్చింది. కానీ వందమంది చేసే పని నాలుగు యంత్రాలు చేస్తాయి. పొలాలు, అడవి పోయి మట్టి గుట్టలు లేచాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలే.

దీని అర్థం మనలాంటి ఇల్లాళ్లకి లెక్క చెప్పకుండానే తెలుస్తుంది. బజార్లో బేరం తగ్గుతుంది. క్వార్టర్లు ఖాళీ అయి తలుపులకి చెద పడుతుంది. పిల్లలు చదువు కోసం హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడతారు. మా వీధిలోనే రెండు సింగరేణి కుటుంబాలున్నాయి. రిటైరై వచ్చినవాళ్లు. ఒకావిడ అంటుంది, "ఇక్కడ అన్నీ ఉన్నై గని, లైను లేదు" అని. లైను అంటే క్వార్టర్ల వరస మాత్రమే కాదు, ఆ వరసలోని మనుషులు.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. బొగ్గు మీద బతికిన ఊళ్లు స్కాట్లండులోనూ బోలెడు. అక్కడ న్యూటన్‌గ్రేంజ్ అనే ఊళ్లో లేడీ విక్టోరియా అనే గనిని 1981లో మూసేశారు. దాన్ని కూల్చకుండా గనుల మ్యూజియంగా మార్చారు. తాతలు దిగిన చోటుని మనవలు చూసి వస్తున్నారు. 1889లో మొదలైన మన బొగ్గుట్టకి ఆ మాత్రం గౌరవం దక్కొద్దా? ఒక పాత టబ్బు, ఒక తట్టా చెమ్మస్, ఒక టోపీ లైటు, వాటి పక్కనే ఒక బాయి డబ్బా, మసిబట్టలు ఉతికిన బండ కూడా పెట్టాలి. గని చరిత్రలో సగం ఆ బండ మీద రాసి ఉంది మరి!

మీరూ వెళ్లాలనుకుంటే

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు రైలెక్కి మహబూబాబాద్‌లో గానీ ఖమ్మంలో గానీ దిగితే ఇల్లందుకి బస్సులుంటాయి. ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సెక్కి, అక్కడినుంచి మహబూబాబాద్ మీదుగానూ పోవచ్చు. ఎండాకాలం మాత్రం వద్దు. బొగ్గు ఊళ్ల ఎండ మన ఎండలాంటిది కాదు. దసరా రోజుల్లోనో, డిసెంబర్‌లోనో వెళ్తే అడవి దారి పచ్చగా, హాయిగా ఉంటుంది. నీళ్ల సీసా, పులిహోర డబ్బా, పిల్లలకి మార్చే బట్టలు తీసుకెళ్లండి. గనుల్లోకి అనుమతి లేకుండా పోనివ్వరు, పోవద్దు కూడా. మూసేసిన గనులూ, మట్టి గుట్టలూ పిల్లలు ఆడుకునే చోట్లు కావు. భద్రాచలం యాత్రలో కలుపుకుంటే ఒకే ప్రయాణంలో రెండూ అవుతాయి.

అక్కడ ఏ అరుగు మీదైనా ఓ పెద్దావిడ కనిపిస్తే కాసేపు కూర్చోండి. "అవ్వా, మీ ఆయన ఏ బాయిల చేసిండు?" అని ఒక్కమాట అడగండి చాలు. మిగతాదంతా ఆవిడే చెబుతుంది. మీ పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి. స్విచ్చి నొక్కితే వచ్చే వెలుగు ఎవరి చీకట్లోంచి వచ్చిందో వాళ్లకీ తెలియాలి కదా!