స్కూటరు కన్నా ముందు ప్లగ్గు

"ఎంతిస్తోంది?"

కొత్త బండి వాకిట్లో ఆగితే చాలు, పక్కింటాయన నోట ముందుగా వచ్చే మాట ఇదే. ధరైనా, రంగైనా ఆ తర్వాతే. లీటరుకు నలభయ్యో, యాభయ్యో తేలితేగానీ కొన్నవాడు గడుసువాడో కాదో తేలదు. బండి ఎలక్ట్రిక్‌దైనా ఆ ప్రశ్న మారలేదు. ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు? కంపెనీలు కూడా ఆ అంకెనే పెద్దక్షరాల్లో వేస్తాయి. కానీ అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి మరొకటుంది. చార్జింగ్ పెట్టేది ఎక్కడ?

బోడుప్పల్‌లో మూడో అంతస్తులో రెండు గదుల పోర్షన్‌లో ఉంటున్న ఓ గుమస్తా సంగతే చూడండి. కోఠిలో మందుల హోల్‌సేల్ దుకాణంలో ఆయన లెక్కలు రాస్తారు. జీతం పదహారు వేలు. పోనూ రానూ రోజుకు 28 కిలోమీటర్లు. పన్నెండేళ్ల పెట్రోలు స్కూటరు ఇంజను పని అడుగుతోంది. నెలకు 26 రోజులు, 728 కిలోమీటర్లు, లీటరుకు 45 చొప్పున పదహారు లీటర్ల పైచిలుకు. 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గించాక కూడా హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయల పైనే ఉంది. అంటే జీతంలో 1,700 రూపాయలకు పైగా పెట్రోలుకే. లెక్కలు రాసే మనిషి కదా, ఈ లెక్క ఆయన్ని నిద్రపోనివ్వలేదు. పాత బండికి మళ్లీ డబ్బు పోయడమా, ఎలక్ట్రిక్‌కు మారడమా?

మొదట చవక బండ్లే చూశారు. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం... అలాంటి వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అడగరు. "అయితే నేను కూడా నడపొచ్చు నాన్నా" అని ఇంటర్ చదివే కొడుకు సంబరపడ్డాడు. ఆయన మాత్రం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర సాయంత్రం ఏడు గంటల వేళను తలుచుకున్నారు. వెనక సిటీ బస్సు హారన్ కొడుతుంటే 25లో పోవడం తనవల్ల కాదనుకున్నారు. పాల కేంద్రానికీ కూరగాయల బజారుకూ వెళ్లేవారికైతే అది చక్కని బండే. రోజూ కోఠి దాకా వెళ్లేవారికి కాదు.

ఇక మిగిలినవి లక్షకు అటూ ఇటూ ఉన్న స్కూటర్లు. ఐక్యూబ్‌లో 2.2 కిలోవాట్ అవర్ల రకం 2024 మేలో సుమారు 95 వేలతో మొదలైంది. దాదాపు అంతే బ్యాటరీతో విడా వీఎక్స్2 గో 2025 జులైలో లక్ష లోపు ధరకు వచ్చింది. చేతక్ కూడా విద్యుత్తు బండిగా 2020లో మళ్లీ రోడ్డెక్కింది. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ పాత చేతక్ పేరు వినగానే ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నకు ప్రాణం లేచొచ్చిందట! సబ్సిడీ మారినప్పుడల్లా ఈ ధరలూ మారుతూ వచ్చాయి. 2021 జూన్‌లో కిలోవాట్ అవర్‌కు 15 వేలు చేసిన కేంద్రం, 2023 జూన్‌లో దాన్ని 10 వేలకు, 2024 ఏప్రిల్‌లో 5 వేలకు దించింది. తెలంగాణలో కాస్త ఊరట ఏమిటంటే, 2024 నవంబరు ఉత్తర్వుతో ఈ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు నెలాఖరు దాకా లేవు.

షోరూములో సేల్స్ కుర్రాడు మూడున్నర, నాలుగు కిలోవాట్ అవర్ల బండి వైపే నడిపించాడు. కిలోవాట్ అవర్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు, కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. ఊళ్లో తిరిగే స్కూటరు కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు తింటుంది. అంటే 2.2 యూనిట్ల బ్యాటరీతో డెబ్భై కిలోమీటర్లు నడుస్తుంది. ప్రకటనలో తొంభై అని ఉంటే అది పరీక్షలో వచ్చిన అంకె, ఉప్పల్ గతుకుల్లో వచ్చింది కాదు. ఏళ్లు గడిచి బ్యాటరీ పావు వంతు నీరసించినా యాభై కిలోమీటర్లు మిగులుతుంది. 28 కిలోమీటర్ల మనిషికి పెద్ద బ్యాటరీ ఎందుకు? ఏడాదికోసారి యాదగిరిగుట్ట వెళ్లడానికా? దానికి బస్సుంది.

వారంటీ దగ్గరా ఇదే సంగతి. మూడేళ్లు లేదా యాభై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది అంటారు. ఆయన తిరిగేది మూడేళ్లకు 26 వేలే. కాబట్టి ఆయనలాంటి వారికి కిలోమీటర్ల అంకె ఎంత పెద్దదైనా ఒరిగేది లేదు. ఏళ్లు ఎక్కువిచ్చే వారంటీయే అసలైన వారంటీ.

ఇంతవరకూ లెక్క సాఫీగానే సాగింది. చిక్కు మూడో అంతస్తు మెట్ల దగ్గర మొదలైంది.

ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకునే బ్యాటరీ ఉన్న బండి కొంటే గొడవే లేదనుకున్నారు. పది కిలోల పైనే బరువు. మోయొచ్చు. కానీ ఇల్లాలు అడ్డుపడ్డారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాదులోనూ ఇంట్లో చార్జింగుకు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ వార్తలు ఆవిడ మరిచిపోలేదు. "ఉన్నయే రెండు అర్రలు. పిల్లలు పండేది దర్వాజ కాడ. గక్కడ దాన్ని పెట్టి నేనెట్ల నిద్రపోవాలె?" అన్నారు. ఆ ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ నిబంధనలు బిగించిన మాట నిజమే. సెల్లుకూ సెల్లుకూ మధ్య ఎడం, లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి, మునిగినా నీరు చొరని కట్టుదిట్టం... ఇలా ఏఐఎస్-156లో చేర్చినవి 2022 డిసెంబరు మొదటి తేదీ, 2023 మార్చి నెలాఖరు నుంచి రెండు దఫాలుగా అమల్లోకి వచ్చాయి. ఆయన ఇదంతా చెప్పారు. ఆవిడ విన్నారు, ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంలో తప్పేముంది? ఇంటికి ఒకటే తలుపున్నప్పుడు దాని దగ్గర ఏం పెట్టాలో చెప్పే హక్కు ఆవిడకుంది.

సరే, కిందనే చార్జింగ్ పెడదామంటే ఇంటి ఓనరు కాదన్నారు. పార్కింగులో ఉన్న ఒక్క ప్లగ్గూ బోరు మోటారు మీటరుది. "నీ బండికి బిల్లు అందరు కట్టాల్నా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. రెండోది ఇంకా గట్టిది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. "కింద బండ్లు, మీద మనుషులు... మనదీ గట్లనే గదా బాబూ" అన్నారాయన. జవాబు చెప్పడం కష్టమే.

దారి చూపింది ఎలక్ట్రీషియన్. "మీ మీటరు మీదెక్కడుంది సార్? కిందనే ఉన్నది గదా" అన్నాడు. నిజమే! హైదరాబాదులో చాలా ఇళ్లలో అన్ని పోర్షన్ల మీటర్లూ మెట్ల కింద ఒకే బోర్డు మీద వరసగా ఉంటాయి. తన మీటరు నుంచే విడిగా వైరు లాగి, సొంత ఎంసీబీ పెట్టి, సరైన ఎర్తింగ్‌తో 16 ఆంపియర్ల సాకెట్ బిగించుకుంటే సరి. తాళమేసే చిన్న డబ్బా పెడితే పక్కవాళ్ల ఫోన్ చార్జర్లూ అందులో దూరవు. సామానూ కూలీ కలిపి మూడు వేలకు మించదన్నాడు. సాకెట్‌ను నడుమెత్తున బిగిస్తానన్నాడు, వాన నీళ్లు గేటు దాటినా అందకుండా. 2020 అక్టోబరు వానలకు ఉప్పల్, రామంతాపూర్ వైపు కాలనీలు నీట మునిగినప్పుడు పనిచేసిన అనుభవం మరి.

ఈ వైరుతో ఇంకో లెక్క వచ్చిపడింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. ఈ ఇంట్లో మామూలు నెలల్లో 165 దాకా కాలుతుంది. స్కూటరుకు, చార్జింగులో పోయే వృథాతో కలిపి, మరో 25. అంటే 190, గండం గడిచినట్టే. మరి కూలరు తిరిగే ఏప్రిల్, మేలలో? స్కూటరు లేకుండానే 190, ఉంటే 215. రెండొందలు దాటాక పదిహేను యూనిట్లకే కట్టి ఊరుకోవడం కుదరదు. 200 దాకా 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసల చొప్పున మొత్తం బిల్లు మీద పడుతుంది. పదకొండు వందల పైమాట! ఆ రెండు నెలలూ పొదుపు ఆరొందలకు కుంగిపోతుంది. మిగిలిన నెలల్లో 1,700 నిలుస్తుంది.

పొదుపు మొత్తం జేబులో మిగిలేదీ కాదు. పాతిక వేలు ముందు కట్టి డెబ్భై వేలు అప్పు తీసుకుంటే, మూడేళ్ల పాటు కిస్తీ 2,300 చిల్లర. పెట్రోలు మిగులు పోను నెలకు ఆరొందలు పైన పడుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. బండి లాభం చూపేది నాలుగో ఏటి నుంచే. అది తెలిసే ఆయన సరేననుకున్నారు. పాత బండి ఇంజను పనికి మెకానిక్ చెప్పిన మొత్తం, ఆ నాలుగో ఏడు దాకా ఆగే ఓపికను ఇచ్చింది.

ఓనరు చివరికి మెత్తబడ్డారు. షరతు ఒకటే. రాత్రి పది దాటాక ప్లగ్గుకు ఏదీ తగిలించి ఉండకూడదు, అందరూ నిద్రలో ఉండగా అసలే వద్దు. రాత్రంతా పెట్టకపోతే ఎలా అని కొడుకు బెంగపడ్డాడు గానీ, తండ్రి లెక్కేసి చూపించారు. రోజుకు 28 కిలోమీటర్లకు ఖర్చయ్యేది యూనిట్టు లోపే. దాన్ని నింపడానికి గంట, మహా అయితే గంటన్నర. ఏడున్నరకు ఇంటికొచ్చి, బండి వేడి తగ్గేదాకా ఆగి, ఎనిమిదింటికి పెడితే తొమ్మిదిన్నరకు తీసేయొచ్చు.

బ్యాటరీ బండిలోనే ఉండే 2.2 రకానికి బయానా ఇచ్చారు. షోరూము వాళ్లు ఫోన్ చేసి ఏ రంగు కావాలని అడిగారట. ఆ పని మాత్రం కొడుక్కి వదిలేశారు.