వేరే ఆట బూట్లు

మే 2, 2025, శుక్రవారం
సంత. హైవే పక్కన మేకలు, వాటి వెనక బేరగాళ్లు. మధ్యాహ్నానికి సగం కుందారపల్లి పెంటిక వాసన.
సంత కొనలో గోనెపట్ట మీద బూట్ల గుట్ట. ఎగుమతికి పనికిరానివట. ఎడమవి ఒక కుప్ప, కుడివి ఒక కుప్ప. జత కుదుర్చుకోవడం కొనేవాడి పని. వాలీబాల్ బూట్లు కుదిరాయి. అడుగున తేనెరంగు రబ్బరు.
నేను వాలీబాల్ ఆడను. షటిల్ ఆడతాను.

మే 4, ఆదివారం
రేకుల షెడ్డు. ముందు మామిడికాయలు పోసేవాళ్లు. ఇప్పుడు షటిల్ కోర్టు. ఎండాకాలం తలుపు మూస్తే పండ్లు మాగిన వాసన ఇంకా తగులుతుంది.
గోడ మీద బోర్డు. నాన్ మార్కింగ్ బూట్లు మాత్రమే. ఓనరు ప్రతివాడి కాలూ ఎత్తించి, అడుగును గోటితో నొక్కి చూస్తాడు. సంతలో మేక పళ్లు చూసినట్టే.
"ఇవి షటిల్‌వి కావు కదప్పా."
"గీత పడదు కదన్నా."
వదిలేశాడు.

మే 7, బుధవారం
బ్యాంకాయన రన్నింగ్ బూట్లతో వచ్చాడు. ఖరీదైనవి. మడమ కింద రెండు వేళ్ల మందం మెత్త. తిన్నగా పరుగెత్తేవాడికి సుఖం. షటిల్‌లో తిన్నగా పోయేది తక్కువ, అంతా పక్కకే. ఎత్తు మడమ పక్కకు వాలింది, దానితో ఆయనా వాలాడు. చీలమండ బయటివైపు వాచింది.
రన్నింగ్ బూట్లు చేతిలో పట్టుకుని ఆటో ఎక్కాడు.

మే 9, శుక్రవారం
స్కోరు ఇంగ్లీషులో చెప్పుకుంటాం. కాక్ గీత లోపల పడిందా బయట పడిందా అనే జగడం తమిళంలో. ఓడినాక తిట్టుకోవడం తెలుగులో.

మే 13, మంగళవారం
పెద్దనాయన బూట్లు తిప్పి చూశాడు. ఆయన కాలంలో బాల్ బ్యాడ్మింటన్. మట్టి కోర్టు, 24 మీటర్ల పొడవు, 12 వెడల్పు. పసుప్పచ్చ ఉన్ని బంతి. పక్కకు అయిదుగురు. మామూలుగా ఒట్టి కాళ్లు. పందేలకు పోతే మాత్రం బడివాళ్లు కాన్వాసువి ఇచ్చేవాళ్లు. ముందురోజు రాత్రి తడి సుద్దముక్కతో రుద్దాలి. మూడో ఆటకు మళ్లీ ఎర్రమట్టి రంగే.
అవి బాటావాళ్ల 'టెన్నిస్'. 1936లో మన దేశపు బడిపిల్లల డ్రిల్లు కోసం చేసిన బూటు. పేరు టెన్నిస్, చేసింది డ్రిల్లుకు, ఈయన ఆడింది బాల్ బ్యాడ్మింటన్. వాటితో టెన్నిస్ ఆడినవాణ్ణి మాత్రం ఎన్నడూ చూడలేదట.
అవ్వకు అన్నీ మెట్లే. గడప బయట విడవమంటుంది.

మే 16, శుక్రవారం
తెల్లారి కంపెనీ బస్సు. బర్గూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఆటల బూట్లు కుట్టే ఫ్యాక్టరీకి. కిటికీకి ఆనుకుని నిద్రపోతున్న ఆడపిల్లలు. మల్లెపూలు, టిఫిను డబ్బాలు, రబ్బరు చెప్పులు.

మే 20, మంగళవారం
ఒనిట్సుకా అనే జపాన్ ఆయన కథ. కోబె ఊరు, 1949లో కంపెనీ పెట్టాడు. తర్వాత దాని పేరే అసిక్స్ అయింది. బాస్కెట్‌బాల్ బూటు చేయబోయాడు. ఆడేవాళ్లు చటుక్కున ఆగాలి, అడుగు నేలను పట్టుకోవాలి. ఎట్లాగో తోచలేదు. ఒకనాడు అన్నంలోకి అమ్మ ఆక్టోపస్ ముక్కలు వేసింది. ముక్క మీద గుంట గుంటలు. అట్లాంటి గుంటలే బూటు అడుగున పెట్టాడు. పట్టు ఎంత గట్టిగా వచ్చిందంటే, బూటు ఆగింది, ఆటగాడు బోర్లా పడ్డాడు. గుంటల లోతు తగ్గించాడు.
మా ఇంట్లో ఈ రోజు చిక్కుడుగింజల పులుసు. ఏమీ తోచలేదు.

మే 25, ఆదివారం
షటిల్ ఆడే సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ వాళ్లు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో వాళ్ల నాన్న రమణ ఉన్నాడు. ఆ ఇంట్లో ముందు వాలీబాల్, తర్వాతే షటిల్. ఓనరుకు చెప్పాను.
"ఆ పాప వస్తే చూస్తాం లేప్పా" అన్నాడు.

మే 28, బుధవారం
హోసూరు నుంచి ఒకాయన నిజం టెన్నిస్ బూట్లతో వచ్చాడు. గట్టి అడుగు, సిమెంటు కోర్టుకు అరగకుండా చేసింది. ఓనరు గోరు దిగలేదు. బయటే నిలబెట్టాడు. వచ్చినాయన మెకెన్రో సంగతి ఎత్తాడు. 1980ల్లో నైకీవాళ్లు జిమ్ములో కసరత్తుకని చేసిన కొత్త బూటును మెకెన్రో టెన్నిస్ కోర్టులోకే వేసుకొచ్చాడు, ఎవరూ ఆపలేదు అని.
ఓనరు అంతా విన్నాడు. అద్దె బూట్లున్నాయి, ముప్పై రూపాయలు అన్నాడు.
అద్దె బూట్లలో తడి ఆరదు. లోపల ఎవరి బొటనవేలి గుంటో.

జూన్ 6, శుక్రవారం
రేపు బక్రీదు. సంతలో కాలు పెట్టే చోటు లేదు. కర్ణాటక బండ్లు, ఆంధ్రా బండ్లు. పొట్టేలును భుజాలకెత్తుకుని ఒకాయన పోతున్నాడు. పంచె, పైన తువ్వాలు, కాళ్లకు చీలమండ దాటే ఎర్ర బాస్కెట్‌బాల్ బూట్లు. ఏ ఆటకని అడిగాను.
"కాలు తొక్కుతాయి సామీ" అన్నాడు, మేకల్ని చూపించి.
ఇంతవరకు విన్నవాటిలో సరైన కారణం ఇదే.

జూన్ 9, సోమవారం
నిన్న రాత్రి పారిస్ టెన్నిస్ ఫైనల్. అల్కరాస్, సిన్నర్. 5 గంటల 29 నిమిషాలు. మూడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని అల్కరాస్ గెలిచాడు. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది, వాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నారు.
ఎర్రమట్టి మీద కావాలనే జారతారు. జారి, కొట్టి, ఆగుతారు. పాయింటుకూ పాయింటుకూ మధ్య బూటు అడుగును రాకెట్టుతో తట్టి మట్టి దులుపుతారు. మాదీ ఎర్రనేలే. జారితే మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టరు.

జూన్ 12, గురువారం
ఎడమ బూటు, బొటనవేలి లోపలి పక్క అరిగి గుడ్డ బయటపడింది. కుడికాలు ముందుకు చాచి కాక్ అందుకుంటే వెనక ఎడమకాలు నేల మీద ఈడ్చుకుపోతుంది. షటిల్ బూట్లకు ఆ చోట అదనంగా అతుకు ఉంటుంది. వాలీబాల్‌వాళ్లు ఎగురుతారు, ఈడ్చరు. వీటికి అతుకు లేదు.
కుడిది కొత్తగానే ఉంది. సంతలో ఎడమది ఒకటే అడిగితే ఇస్తాడేమో.

జూన్ 15, ఆదివారం
మేనల్లుడు సాయంత్రం ఊరి వాలీబాల్‌కు పోతుంటే బూట్లు ఇచ్చాను. మట్టి గ్రౌండు. రొంతసేపటికే విడిచి గట్టు మీద పెట్టాడు. ఒట్టి కాళ్లతోనే ఎగిరాడు, ముందుకన్నా బాగా.
"జారుతున్నాయి మామా. షటిల్ బూట్లు కదా."

జూన్ 20, శుక్రవారం
బెంగళూరా మామిడి ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని కొందరు చెట్టు మీదే వదిలేస్తున్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుస. షెడ్డు ఓనరు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. కాయలే పోసుంటే మునిగేవాణ్ణి అన్నాడు. ఆ సంతోషంలో గంట రేటు పెంచాడు.
బ్యాంకాయన మళ్లీ వస్తున్నాడు, కాలికి పట్టీతో. బూట్లు లేకుండా ఆడితే తగ్గిస్తావా అని అడిగాడు.
ఓనరు ఆలోచించాడు. "గీత పడదు, నిజమే. చెమట పడుతుంది. తుడిచేదానికి మనిషి కావాలి కదా సార్."