నీలి కొండల కింద ఆడపిల్లల కాలేజీ

అమెరికాలో మన తెలుగు ఇంట్లో పన్నెండో తరగతి చదివే పిల్ల ఉంటే ఆ ఏడాదంతా గుడికి వెళ్ళినా, పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "ఎక్కడెక్కడ అప్లై చేస్తోందండీ?" వర్జీనియాలో ఉండే మాకు దానికి తయారుగా కొన్ని జవాబులుంటాయి: యూవీఏ, వర్జీనియా టెక్, విలియం అండ్ మేరీ, జార్జ్ మేసన్. మా అమ్మాయి స్వీట్ బ్రయర్ అనే మహిళా కాలేజీకి వెళ్తానన్నప్పుడు చాలామంది ఆ పేరే వినలేదన్నారు. విన్న ఒకరిద్దరు మాత్రం "అది మూతపడింది కదా!" అన్నారు.

మూతపడలేదు. మూసేస్తున్నామని ప్రకటించాక, అక్కడ చదువుకున్న ఆడవాళ్ళు అడ్డుపడి ఆపారు. ఆ కథ చెప్పేముందు ఆ నేల గురించి చెప్పాలి. అది చూడకపోతే వాళ్ళంత పట్టుదల ఎందుకు పట్టారో అర్థం కాదు.

మేముండే రిచ్‌మండ్ నుంచి రూట్ 60 పట్టుకుని పడమరగా పోతుంటే పౌహాటన్, కంబర్లాండ్, బకింగ్‌హామ్ కౌంటీలు దాటేసరికి ఇళ్ళు పలచబడి, పచ్చికబీళ్ళు, ఆవులు, పైన్ అడవులు మిగులుతాయి. ఆమెర్స్ట్ ఊరు దగ్గరపడేసరికి ఎదురుగా బ్లూ రిడ్జ్ కొండలు. వాటికి ఆ పేరు ఊరికే రాలేదు, దూరం నుంచి నిజంగానే నీలంగా కనిపిస్తాయి. అక్కణ్ణుంచి రూట్ 29 మీద కొద్ది దూరం దక్షిణానికి వెళ్తే కాలేజీ గేటు. గేటు దాటాక కూడా చెట్ల మధ్య చాలాసేపు నడుస్తుంది కారు. మూడువేల ఎకరాలకు కాస్త తక్కువ నేల, అందులో ఐదువందలకు మించని పిల్లలు. మధ్యలో ఆర్కిటెక్ట్ రాల్ఫ్ ఆడమ్స్ క్రామ్ గీసిన ఎర్ర ఇటుక భవనాలు, తెల్ల స్తంభాలు, వాటిని కలుపుతూ కమానుల వరండాలు. మిగతాదంతా అడవి, వాగులు, చెరువు, బీళ్ళు. ఏప్రిల్‌లో రెడ్‌బడ్ చెట్లు ఆకు వేయకముందే కొమ్మ పొడుగునా గులాబీ రంగు పూలు పూస్తాయి. ఆ పక్కనే తెల్లటి డాగ్‌వుడ్.

వీడియో కాల్‌లో ఇదంతా చూసి తిరుపతిలో ఉన్న మా అమ్మ భయపడింది. "ఏమే, ఆ అడివిలో బిడ్డనొక్కదాన్నే వదిలిపెట్టొచ్చినావా? చుట్టుపక్కల ఒక్క ఇల్లన్నా లేదు గదే!" అంది. అమ్మ భయం నాకు అర్థమైంది. కానీ నాలుగేళ్ళ వయసు నుంచి సబర్బ్‌లో కారు వెనక సీట్లో పెరిగిన పిల్ల, రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి హాస్టల్‌కి ఒంటరిగా నడిచి వెళ్తూ నక్షత్రాల పేర్లు నాకు ఫోన్లో చెప్తుంటే, తను పోగొట్టుకున్నదేదో తనకు తిరిగి దక్కిందనిపించింది.

అక్కడ నేల చూసుకోవడానికే కాదు, చదువుకోవడానికి కూడా. పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు వాగులో నీళ్ళు పట్టి పరీక్ష చేస్తారు, వసంతంలో పిట్టగూళ్ళ పెట్టెలు తెరిచి గుడ్లు లెక్కపెట్టి రాసుకుంటారు. కాలేజీకి సొంత ద్రాక్షతోట ఉంది, పెద్ద గ్రీన్‌హౌస్ ఉంది, తేనెటీగల పెట్టెలున్నాయి. గ్రీన్‌హౌస్‌లో పండిన కూరలు పిల్లల భోజనంలోకి వస్తాయి. గుర్రపుశాల అయితే దేశమంతా పేరున్నది. కొందరు పిల్లలు ఇంటి నుంచి తమ గుర్రాన్నే తెచ్చుకుని అక్కడ ఉంచుతారు. మా అమ్మాయి గుర్రాల జోలికి పోలేదు. తను ఇంజినీరింగ్. ఈ దేశంలో, కోర్సుల నాణ్యత చూసి గుర్తింపిచ్చే ఆబెట్ సంస్థ ఆమోదం ఉన్న ఇంజినీరింగ్ డిగ్రీ ఇచ్చే మహిళా కాలేజీలు రెండే: మసాచుసెట్స్‌లో స్మిత్, వర్జీనియాలో ఇది. ఇంత చిన్న కాలేజీ అలాంటి కోర్సు నడుపుతోందన్న సంగతి మన వాళ్ళలో ఎంతమందికి తెలుసు?

క్లాసులో పదిమంది, పన్నెండుమంది. వర్క్‌షాప్‌లో లేత్ ముందు నిలబడేదీ ఆడపిల్లే, పక్కన సాయం పట్టేదీ ఆడపిల్లే, తప్పు కోస్తే ఆపేదీ ఆడపిల్లే. "నువ్వు రిపోర్ట్ రాయి, మెషీన్ మేం చూసుకుంటాం" అనేవాళ్ళు లేరు. ఈ ఒక్క మాట కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నానన్నా తప్పులేదు. పెద్ద యూనివర్సిటీలో చదివిన మా బంధువుల అమ్మాయి, ప్రాజెక్ట్ టీముల్లో నాలుగేళ్ళూ తన వాటాకు పవర్‌పాయింటే వచ్చిందని చెప్పి బాధపడింది. తెలివిలో ఎవరికీ తీసిపోని పిల్ల తను.

ఆడపిల్లలే ఉన్న చోట చదువు నాకు కొత్త కాదు. నేను తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివాను. 1983లో ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా పెట్టిన యూనివర్సిటీ అది. తలెత్తితే శేషాచలం కొండలు. డిగ్రీ దాకా కో-ఎడ్‌లో చదివి, ప్రశ్న అడగాలంటే నాలుగుసార్లు ఆలోచించుకునే మేము, అక్కడ సెమినార్లో లెక్చరర్‌తో వాదనకు దిగేవాళ్ళం. హాస్టల్లో ఫ్యూజ్ పోతే బల్ల మీద కుర్చీ వేసుకుని ఎక్కిందీ మేమే. మహిళా యూనివర్సిటీ అంటే పిల్లలు భద్రంగా ఉంటారని మా నాన్న పంపించారు. భద్రత దొరికింది. ధైర్యం కూడా దొరికిందని ఆయనకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాను. మా అమ్మాయి వేరే దేశంలో, వేరే కొండల కింద అదే నేర్చుకుంటోంది.

ఇక కాలేజీని మూసేయబోయిన 2015 సంగతి. మార్చి 3న కాలేజీ పాలకమండలి, ఆ వేసవితో మూసేస్తున్నామని ప్రకటించింది. చేతిలో ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా నిధి ఉన్నా, అందులో చాలాభాగం దాతల షరతులకు కట్టుబడినది. పిల్లలు తగ్గుతున్నారు, ఫీజు రాయితీలు పెరుగుతున్నాయి, పల్లెల్లో ఉన్న చిన్న మహిళా కాలేజీకి భవిష్యత్తు లేదన్నది వాళ్ళ లెక్క. 1960ల్లో ఈ దేశంలో రెండువందలకు పైగా ఉన్న మహిళా కాలేజీలు ఇప్పుడు ముప్పై దరిదాపులకు దిగాయి కాబట్టి ఆ లెక్కను పూర్తిగా కొట్టిపారేయలేం.

పూర్వ విద్యార్థినులు ఆ లెక్కను ఒప్పుకోలేదు. రోజుల్లోనే సంఘం కట్టారు, లాయర్లను పెట్టారు, చందాలు పోగుచేశారు. ఆమెర్స్ట్ కౌంటీ అటార్నీ కోర్టుకెళ్ళి ఒక గట్టి వాదన పెట్టారు: ఈ భూమి, ఈ డబ్బు ఒక తల్లి వీలునామా ద్వారా వచ్చినవి, ఇక్కడ ఆడపిల్లల బడి నడపాలన్నది ఆ వీలునామా షరతు, దాన్ని కాదని మూసే హక్కు పాలకమండలికి లేదు. కేసు వర్జీనియా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జూన్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. పూర్వ విద్యార్థినులు 1.2 కోట్ల డాలర్లు ఇవ్వాలి, నిధిలో 1.6 కోట్ల మీద ఉన్న షరతుల్ని సడలించడానికి అటార్నీ జనరల్ ఒప్పుకుంటారు, పాలకమండలిలో ఎక్కువమంది దిగిపోయి కొత్తవాళ్ళకు చోటిస్తారు. డబ్బు సమయానికి అందింది. అప్పటికే సగానికి సగం పిల్లలు వేరే కాలేజీలకు వెళ్ళిపోయారు, అయినా ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఫీజును దాదాపు మూడోవంతు తగ్గించారు, పాఠ్యప్రణాళిక మొత్తం మార్చారు. వేసవిలో డెబ్బై ఏళ్ళ పూర్వ విద్యార్థినులు వచ్చి, హాస్టల్ గదుల్లో పడుకుని, గోడలకు రంగులు వేసి, కలుపు తీసి వెళ్తారు. చదువుకున్న చోటిని మనలో ఎంతమందిమి ఇలా సొంతం అనుకున్నాం? నేను అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ వీలునామా గురించి ఇంకో మాట చెప్పకపోతే ఈ కథ సగమే. రాసినావిడ ఇండియానా ఫ్లెచర్ విలియమ్స్. ఆమె ఒక్కగానొక్క కూతురు డెయిసీ 1884లో పదహారేళ్ళకే పోయింది. 1900లో తాను పోయేటప్పుడు, కూతురి పేరు నిలిచేలా బడి పెట్టమని ఆస్తంతా రాసిచ్చింది. 1901లో కాలేజీ ఏర్పడింది, 1906లో తలుపులు తెరిచింది. ఇప్పటికీ ఏటా సంస్థాపకుల దినాన పిల్లలందరూ బ్యాగ్‌పైప్ వాయిద్యం వెంట గుట్టెక్కి, ఆ కుటుంబం సమాధుల దగ్గర డెయిసీ పూలు పెట్టివస్తారు. బిడ్డ పోయిన తల్లి దుఃఖం నన్ను కదిలించింది. కానీ ఆమె బడి పెట్టమన్నది తెల్లజాతి ఆడపిల్లలకు మాత్రమే. ఆ ఆస్తి ఆమె తండ్రి ఎలైజా ఫ్లెచర్ బానిసలతో పని చేయించిన ప్లాంటేషన్. అంతకు ముందు ఆ నేల మొనకన్ అనే మూలవాసులది, వాళ్ళ కేంద్రం ఇవాళ్టికీ ఆ కౌంటీలోనే ఉంది. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక కాలేజీయే కోర్టుకెళ్ళింది, 1966లో మొదటి నల్లజాతి విద్యార్థిని చేరింది, 1967లో కోర్టు ఆ షరతును చెల్లదంది. అంటే ఏ వీలునామా 2015లో కాలేజీని కాపాడిందో, అదే వీలునామా అక్షరాలా అమలైతే మా అమ్మాయికి గేటు లోపల చోటే లేదు.

ఆ కుటుంబం ఉన్న పెద్ద ఇంటి వెనక, ఎత్తుగా పెరిగిన బాక్స్‌వుడ్ పొదలకు కాస్త అవతల, బానిసలు ఉన్న చిన్న గుడిసె ఇంకా నిలబడి ఉంది. కొంచెం దూరంలో వాళ్ళ శ్మశానం. చాలా సమాధుల మీద పేరు లేదు, నేలలో పాతిన ఉత్త రాళ్ళు. కాలేజీ దాన్ని దాచలేదు. పిల్లలు చరిత్ర క్లాసులో ఆ పాత కాగితాలు చదువుతారు, ఆ గుడిసెలో ఎవరున్నారో వెతుకుతారు. మా అమ్మాయి మొదటి సంవత్సరం రాసిన మంచి పేపర్ ఇంజినీరింగ్‌లో కాదు, ఆ గుడిసె మీద. అందమైన చోట ఉంటూ, ఆ అందం వెనక ఎవరి చెమట ఉందో తెలుసుకుంటూ చదవడం పద్దెనిమిదేళ్ళ పిల్లకు పెద్ద చదువే. కులం మీద మన ఊళ్ళు కట్టుకున్న తీరు గురించి మా ఇంట్లో గట్టిగా చర్చ మొదలైంది కూడా ఆ పేపర్ తర్వాతే. తాతగారి ఊళ్ళో పొలం ఎవరు దున్నేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళు ఎక్కడుండేవి అని తను అడిగింది. నాకు తెలిసినంతా చెప్పాను.

లోటు లేదని అనను. దగ్గరలో ఇండియన్ కొట్టు లేదు, సామాన్లకు లించ్‌బర్గ్ వెళ్ళాలి. తెలుగు మాట్లాడే తోడు దొరకడం కష్టం. కారు లేని పిల్ల ఎవరో ఒకరి మీద ఆధారపడాలి. నాలుగువందల రకాల కోర్సులు కావాలనుకునే పిల్లకు, వేలమంది మధ్య కలిసిపోవడం ఇష్టమైన పిల్లకు ఇది నప్పదు. చిన్న కాలేజీల ఆర్థిక స్థితి మీద ఓ కన్నేసి ఉంచాలన్నది కూడా నిజం.

అయినా తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ర్యాంకుల పట్టిక చూసి జాబితా రాసుకునేటప్పుడు, ఇలాంటి మహిళా కాలేజీ ఒక్కటైనా అందులో చేర్చండి. అమ్మాయిని తీసుకుని స్వయంగా వెళ్ళండి. క్లాసులు జరిగే రోజున వెళ్ళి, వర్క్‌షాప్ తలుపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. స్వీట్ బ్రయర్‌కే వెళ్తే, చెరువు, కొండలు చూశాక ఆ గుడిసె దగ్గరికి, ఆ శ్మశానానికి కూడా తప్పకుండా వెళ్ళిరండి. అంతా చూశాక నిర్ణయం అమ్మాయికే వదిలేయండి.