కిలో లెక్కన మెల్‌బోర్న్

"బాబుకి పన్నెండు ఎప్పుడు నిండుతాయి మేడమ్?"

సికింద్రాబాద్ ఎస్.డి. రోడ్డులో ఇరుకు మెట్లెక్కి వెళ్లిన ఆ ట్రావెల్స్ ఆఫీసులో నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. ఏ ఊరికి, ఎప్పుడు, ఎంతమంది అన్నవన్నీ ఆ తర్వాతే వచ్చాయి. మా ఆయన అప్పటికే మెల్‌బోర్న్‌లో ఉద్యోగంలో చేరి, టార్నీట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, అన్నం ఒక్కటీ వండుకుని, కూరలు కొనుక్కు తింటున్నారు. వెళ్లాల్సింది నేను, పదకొండు దాటిన కొడుకు, ఒకటో తరగతి కూతురు, మోకాళ్ల నొప్పుల మా అత్తయ్య. చుట్టపుచూపుగా వెళ్లే ప్రయాణమైతే ఎవరైనా నాలుగు సీట్లు చూసుకుంటారు. మాది కూకట్‌పల్లిలో కాపురం ఎత్తేసి అక్కడ దించుకోవడం.

ఏజెంటు గారు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. అంతర్జాతీయ విమానాల్లో రెండేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకి మూలధరలో సాధారణంగా ముప్పాతిక తీసుకుంటారు. ఒళ్లో కూర్చునే పసిపిల్లలకైతే పదోవంతే. పన్నెండు నిండాయంటే మాత్రం మీసం రాకపోయినా పెద్దవాడి కిందే లెక్క. ఇందులో నాకు నచ్చిన తమాషా ఏమిటంటే, పిల్లల టికెట్‌కి ధర తగ్గుతుంది కానీ సామాను తగ్గదు, పెద్దవాళ్లకిచ్చినన్ని కిలోలూ ఇస్తారు. కిలోకి ఎంత పడిందని చూస్తే విమానం మొత్తంలో చవకైన సీటు పదకొండేళ్లవాడిదే.

మావాడి పుట్టినరోజు ఫిబ్రవరి మొదట్లో. అంతకుముందే ఎక్కేస్తే పాతిక శాతం మిగులుతుందని నేను జనవరి వైపు చూశాను. జనవరి ధరలు కొండెక్కి ఉన్నాయి. ఆస్ట్రేలియాలో డిసెంబరు, జనవరి నెలలు వేసవి సెలవులు. క్రిస్మస్‌కీ సంక్రాంతికీ ఇటు వచ్చినవాళ్లంతా తిరిగి వెళ్లేది అప్పుడే. బడులు జనవరి చివర్లో తెరుస్తారు. ఆ వెనకే ఫిబ్రవరి చివర మొదలయ్యే సెమిస్టరుకి మన పిల్లలు సూట్‌కేసులతో బయల్దేరతారు. ఆ రద్దీలో జనవరిలో పిల్లల టికెట్, ఫిబ్రవరి చివర పెద్దల టికెట్ కంటే ఎక్కువుంది. ఇక తొందరపడేదేముంది? పుట్టినరోజు కేకు కూకట్‌పల్లిలోనే కోయిద్దామనుకున్నాం. బడికి కొన్ని వారాలు ఆలస్యమవుతుందని మా ఆయన గొణిగారు గానీ, అక్కడి స్కూలువాళ్లు ఎప్పుడొచ్చినా చేర్చుకుంటామన్నారు.

తేదీ తేలాక ధర తేలలేదు. ఒక్కరికని వెతికితే 34 వేలు చూపించిన టికెట్, నలుగురికని వెతికితే తలకి 39 వేలయింది. "ఫోన్లో అదే పనిగా వెతుకుతున్నావని వాళ్లకి తెలిసిపోయింది పిన్నీ, ఇన్‌కాగ్నిటోలో చూడు" అన్నాడు మా అక్క కొడుకు. వాడికి అన్ని రోగాలకీ అదే మందు. ఏజెంటు గారు నవ్వి, స్క్రీను నా వైపు తిప్పారు. ఒకే ఎకానమీ క్యాబిన్‌లోని సీట్లని విమాన సంస్థలు అక్షరాల పేర్లతో తరగతులుగా విడగొట్టి పెట్టుకుంటాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో ధర, ఒక్కో షరతు. చవక అక్షరంలో రెండే సీట్లు మిగిలి, మనం నలుగురికి అడిగామనుకోండి, ఇద్దరికి అదీ ఇద్దరికి ఇదీ అని పంచదు కంప్యూటరు, నలుగురినీ కలిపి పై ధరలోకి నెట్టేస్తుంది. అందుకే కొంతమంది ఇద్దరిద్దరుగా విడగొట్టి కొంటారు. పిల్లలూ పెద్దావిడా ఉన్న గుంపుకి అది నప్పదు. విమానం ఆలస్యమై వేరే దాంట్లో సర్దాల్సి వస్తే విడివిడి బుకింగులని విడివిడిగానే సర్దుతారు. "గురువారం మానేసి బుధవారం తీసుకుందాం, ఆ ధరలో నలుగురికీ దొరుకుతున్నాయి" అన్నారాయన. ఒక్కరోజు జరిగితే ఇరవై వేలు కలిసొచ్చాయి.

ఇంతకంటే తక్కువకి ఎక్కడో ఉండే ఉంటుందన్న పురుగు మాత్రం బుర్రలోంచి పోలేదు. దానికి మందు వేసింది మా ఆయన. ఎం.ఐ.టి. వాళ్లు 1996లో పెట్టిన ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీని గూగుల్ 70 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. గూగుల్ ఫ్లైట్స్ వెనక ఉన్నది ఆ కంపెనీ నైపుణ్యమే. అందులో పనిచేసిన కార్ల్ డి మార్కెన్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్ల కిందటే చెప్పాడట: విమాన సంస్థల ధరల నిబంధనలన్నీ లెక్కలోకి తీసుకుంటే, ఒక ప్రయాణానికి అతి తక్కువ ధర ఏదో ప్రతిసారీ తేల్చిచెప్పగల ప్రోగ్రాం రాయడం గణితపరంగానే సాధ్యం కాదని. ఫోన్లో ఇది విన్నాక నాకు ఎంత హాయి కలిగిందో! ఆ రాత్రి నుంచి వెతకడం మానేశాను.

అప్పుడు మొదలయింది అసలు లెక్క. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు "తలకి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, భయమేముందక్కా" అన్నాడు. ఆ పెట్టెల లెక్క అమెరికా, కెనడా దారులది. ఆస్ట్రేలియా వైపు చాలా సంస్థలు పెట్టెలెన్నని చూడవు, మొత్తం బరువు చూస్తాయి. మేం చూసిన టికెట్లో ఒక రకానికి 20 కిలోలు, ఇంకోదానికి 30. రెండిటికీ తేడా మూడున్నర వేలు. అంటే అదనపు కిలో 350 రూపాయలు. అదే కిలో విమానాశ్రయం కౌంటర్లో కొంటే వేలల్లో ఉంటుంది. చేతిసంచి ఏడు కిలోలతో 24 వేలకే తీసుకెళ్లే చవక విమానమూ ఒకటి కనబడింది. దానికి 30 కిలోల సామాను, భోజనం, పిల్లల పక్కన సీటు అన్నీ కలిపి చూస్తే 37 వేలు దాటింది. చెన్నై నుంచి ఎక్కితే తలకి నాలుగు వేలు తక్కువే, కానీ నాంపల్లిలో ఈ సామానంతా రైలెక్కించి, తెల్లారి చెన్నైలో దించి మళ్లీ టాక్సీ మాట్లాడటం నా వల్ల కాదన్నాను. దుబాయ్, దోహాల మీదుగా కూడా టికెట్లున్నాయి. తూర్పుకి వెళ్లాల్సినవాళ్లం ముందు పడమటికి పోవడం చూసి మా అత్తయ్య "అదేం దారే!" అంది.

ఓడ సామాను సంగతీ అడిగాం. దాన్ని బరువుతో కాదు, ఘనపు మీటర్లతో లెక్కగడతారు. ఇక్కడ చెప్పే ధర చూస్తే చవకే అనిపిస్తుంది. అక్కడి రేవులో దింపుడు ఖర్చులు, క్వారంటైన్ తనిఖీ రుసుము విడిగా ఉంటాయని గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పరు. ఇల్లంతా పంపేవాళ్లకి అదే దారి. నాలుగు అట్టపెట్టెలవాళ్లకి దండగ.

అత్తయ్యది మాత్రం రానూపోనూ టికెట్. ఆవిడ సందర్శకుల వీసా మీద వస్తోంది, తిరుగు టికెట్ చేతిలో ఉంటే ఏ కౌంటర్లోనూ ప్రశ్న రాదు. అట్లాంటిక్ దాటే టికెట్లలో కొన్నిసార్లు ఒకవైపు ధర కంటే రానూపోనూ ధరే తక్కువుంటుందనీ, అలాంటివి కొని తిరుగు ప్రయాణం వదిలేసేవాళ్లున్నారనీ ఏజెంటు గారు చెప్పారు. దీన్ని తిరగేసి చేయకూడదు. మొదటి అంచె ఎక్కకపోతే మిగిలిన అంచెలన్నీ రద్దయిపోతాయి.

నలుగురికి 120 కిలోలు. ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు, ఎత్తే మనుషుల నడుములకోసం పెట్టిన హద్దు అది. ఇంట్లో ప్రతి వస్తువునీ 350తో హెచ్చవేయడం అలవాటైపోయింది. కుక్కరు తేవచ్చు. ఇత్తడి బిందె వద్దు. వెట్ గ్రైండరు దగ్గర అత్తయ్యకీ నాకూ కొంత వాదన నడిచింది. రాళ్లతో కలిపి 11 కిలోలు, అంటే దాదాపు నాలుగు వేల రూపాయల బరువు. అమెరికా అయితే 120 వోల్టుల కరెంటు, తీసుకెళ్లినా అలంకారానికే. ఆస్ట్రేలియాలో మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు పుల్లలే వేరు. అక్కడి ఇండియన్ షాపు ధర మా ఆయన చెప్పాక అత్తయ్య గెలిచింది. కరివేపాకు మొక్క విషయంలో ఓడింది.

శంషాబాద్‌లో రాత్రి విమానం. వీల్‌చైర్ ముందే చెప్పి ఉంచాం, దానికి డబ్బు తీసుకోరు. తూకం మీద పెట్టెలన్నీ కలిపి 119 చూపించింది. వెనక వరుసలో ఒక కుర్రాడు నేలమీద సూట్‌కేసు తెరిచి, వాళ్లమ్మ పెట్టిన కారప్పొడి డబ్బాలు తీసి మళ్లీ ఆమెకే ఇచ్చేస్తున్నాడు. విద్యార్థి టికెట్ అని అడిగి కొంటే చాలా సంస్థలు పది కిలోలు ఎక్కువిస్తాయి. ఆ అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాలుగు గంటల్లో కౌలాలంపూర్. అక్కడ తొమ్మిది గంటలు ఆగాలి. రెండు గంటల్లో తగిలే విమానం తలకి అయిదు వేలు ఎక్కువ కాబట్టి ఇది ఎంచుకున్నాం. నేనొక్కదాన్నే అయితే ఈ బేరం మళ్లీ చేస్తాను. అత్తయ్య మోకాళ్లని అడిగితే జవాబు వేరే వచ్చేది. అది 2024 ఫిబ్రవరి. టెర్మినల్ భవనాల మధ్య తిరిగే ఏరోట్రెయిన్ ఏడాదిగా ఆగి ఉంది, బస్సుల్లో తిప్పారు. మలేసియా అంతకు ముందటి డిసెంబరులోనే భారతీయులకి వీసా ఎత్తేసింది, బయటికి వెళ్లి రావచ్చు. ఊళ్లోకి రైలు అరగంటే, కానీ పెద్దవాళ్లకి 55 రింగిట్లు. నలుగురికి రానూపోనూ లెక్కవేసుకుని, ఆగి మిగుల్చుకున్నదాంట్లో కొంత ఆ రైలుకే పోతుందని లోపలే ఉండిపోయాం.

తిండి కౌంటర్ దగ్గర మా అమ్మాయి అల్లరి చూసి, పక్క బల్లమీద టీ తాగుతున్న పెద్దాయన "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు తెలుగులో. మాట తీరులో శ్రీకాకుళం యాస, మధ్యమధ్య మలయ్ మాటలు. పెనాంగ్ వెళ్తున్నాడు. పుట్టింది బగాన్ దతో వైపు, కొబ్బరి తోటల్లో. ముత్తాత ఓడలో వచ్చాడట. తోటల యజమానుల దగ్గర పన్ను వసూలు చేసి, ఆ నిధితో కూలీలకి ఓడ ఖర్చు భరించే ఏర్పాటు 1907లో బ్రిటిష్ మలయాలో మొదలయింది. తోట తరఫున కంగాణీ అనే మేస్త్రీ సొంతూరికి వచ్చి బంధువులనీ ఇరుగుపొరుగునీ పోగుచేసి తీసుకెళ్లేవాడు. అలా వెళ్లినవాడికి టికెట్ ఖర్చు సున్నా. "మరి సామానో?" అని అడిగింది మా అత్తయ్య, అప్పటికి ఆవిడకీ కిలోల పిచ్చి ఎక్కేసింది. "ఏముంటాదమ్మా, ఒక గుడ్డల మూట" అన్నాడాయన. తరవాత మా పెట్టెలెన్నో అడిగి తెలుసుకుని, గ్రైండరు మాటకి పగలబడి నవ్వాడు.

కౌలాలంపూర్ నుంచి మెల్‌బోర్న్ ఎనిమిది గంటలు. పిల్లలు నిద్రపోయారు, అత్తయ్య నిద్రపోలేదు. దిగేముందు ఇచ్చిన నారింజరంగు కార్డులో ఆహార పదార్థాలున్నాయా అన్నచోట అవును అని టిక్కు పెట్టాను. ఇక్కడ ఉన్నవని చెప్పేస్తే మహా అయితే తీసేసుకుంటారు. దాచితే జరిమానా. పాలతో చేసిన మిఠాయిలు, విత్తనాలు, పచ్చి ఆకులు ఇంటి దగ్గరే మానేశాం. అధికారి ఆవకాయ సీసా వెలుగుకేసి తిప్పి చూసింది, గ్రైండరు రాళ్లకి మట్టి ఉందేమోనని వేలితో రుద్దింది. కొత్తదే కదా, పంపించేసింది.

బయట మా ఆయన, వెంట ఆయన ఆఫీసు స్నేహితుడు, వెనక సామాను వేసుకునే అతని యూట్ బండి. ట్రాలీలు రెండూ చూసి మా ఆయన "ఇంటినంతా తెచ్చేశావా?" అన్నారు. టలమరీన్ విమానాశ్రయం నుంచి రింగ్ రోడ్డెక్కాక స్నేహితుడు, ఇక్కడి మనవాళ్లు ఎవరు దిగినా అడిగే ప్రశ్నే అడిగాడు.

"టికెట్ ఎంతకి పడింది వదినా?"

"ముప్ఫైనాలుగున్నర."

"అయ్యో, మా తమ్ముడు పోయిన వారమే 26కి వచ్చాడు."

"ఎన్ని కిలోలిచ్చారు?"

"ఏడు" అన్నాడు. కాసేపు రోడ్డు చూస్తూ నడిపి, అద్దంలోంచి వెనక కట్టిన అట్టపెట్టెని చూశాడు. "అది వెట్ గ్రైండరా? మేం తెచ్చుకోలేదు. మిక్సీ పిండితో ఇడ్లీ రాయిలా వస్తోంది."

శనివారం పప్పు నానబెట్టుకుని రమ్మన్నాను.